కవాతు పుల్లకు డ్రమ్‌సెట్ వాటం

చిరంజీవులకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొద్దున కవాతు దళంలో స్నేర్ డ్రమ్ము వాయించి వచ్చి, సాయంత్రం డ్రమ్‌సెట్ ముందు కూర్చుంటే చేతులు మాట వినడం లేదని రాశారు. పొద్దుటి పుల్లలు రోకళ్లలా, సాయంత్రం పుల్లలు చీపురుపుల్లల్లా ఉంటున్నాయన్నారు. కవాతుకు చాలినంత బలం, డ్రమ్‌సెట్ పుల్లకు ఉండే వాటం, రెండూ ఒక్క పుల్లలో కుదరవా అని అడిగారు. కుదురుతాయి. ఆ పుల్ల కోసం నేను కర్రను తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం ముందు చాలా రోజులు నిలబడ్డాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి దారిలో పడింది. ఆ మూడు పుల్లల సంగతే ఈ ఉత్తరం.

ముందు కొలతలు చూద్దాం. డ్రమ్‌సెట్ వాయించేవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే 5ఏ పుల్ల సుమారు 0.565 అంగుళాల లావు, 16 అంగుళాల పొడవు ఉంటుంది. కవాతు పుల్ల లావు 0.700 అంగుళాల దరిదాపుల్లో, పొడవు 16.5 నుంచి 17 అంగుళాల దాకా ఉంటుంది. లావులో తేడా మూడున్నర మిల్లీమీటర్లు, అంతే. కానీ గుండ్రటి కర్రలో బరువు లావు వర్గంతో పెరుగుతుంది. లెక్క వేసి చూడండి: 0.700ను 0.565తో భాగించి వర్గం చేస్తే 1.53 వస్తుంది. పొడవు తేడా కూడా కలిపితే కవాతు పుల్లలో కర్ర ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. హికరీ చెక్కతో చేస్తే 5ఏ పుల్ల 50 గ్రాముల దగ్గర తూగుతుంది, కవాతు పుల్ల 80 గ్రాముల దగ్గర తూగుతుంది. మీ చేతులు ఊరికే అలగలేదు.

5ఏ లాంటి పేర్లలోని అక్షరాల సంగతి కూడా ఒక్క మాట. పాత అమెరికన్ పద్ధతిలో ఏ అంటే ఆర్కెస్ట్రా, బి అంటే బ్యాండు, ఎస్ అంటే స్ట్రీట్, అంటే వీధి. అంకె తగ్గేకొద్దీ పుల్ల లావెక్కుతుంది. ఆరుబయట నడుస్తూ వాయించే పుల్లకు వీధి పేరే పెట్టారు, నాకు ఆ పేరు చాలా ఇష్టం.

ఆ లావుకు రెండు కారణాలున్నాయి. మైదానంలో శబ్దాన్ని తిప్పి పంపే గోడలు లేవు, దూరంగా కూర్చున్నవాళ్లకు ప్రతి దెబ్బా విడివిడిగా వినపడాలి. రెండోది డ్రమ్ము ముఖం. డ్రమ్‌సెట్ మీద బిగించేది పలుచని పాలియెస్టర్ పొర, పుల్ల తగలగానే కాస్త లోపలికి ఒంగుతుంది. కవాతు స్నేర్ ముఖం ఎక్కువగా కెవ్లార్ లాంటి అరమిడ్ నూలుతో నేసినది. 1965లో డుపాంట్ కంపెనీ ప్రయోగశాలలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న ఆ కెవ్లార్ నూలుతోనే తూటాలను ఆపే కవచాలు నేస్తారు. దాన్ని బల్లంత గట్టిగా బిగిస్తారు. దాని మీద సన్నపుల్ల వేస్తే టక్కుమని ఎగిరి వస్తుంది కానీ డ్రమ్ములోని గాలి కదలదు, అడుగు ముఖం మీది తీగలు నిండుగా పలకవు. అందుకే పుల్లలో కండ ఉండాలి.

ఇక వాటం. ఇక్కడ కొంచెం సేపు ఆగండి. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి, గోలీ అంత బంకమట్టి ముద్ద ఒకటి తెచ్చుకోండి. స్కేలును ఒక కొసన బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టుకోండి. మట్టిముద్దను వేళ్లకు 10 సెంటీమీటర్ల దూరంలో అంటించి, స్కేలును పైకీ కిందికీ చకచకా ఊపండి. తర్వాత అదే ముద్దను అవతలి కొసకు జరిపి మళ్లీ ఊపండి. తక్కెడలో పెడితే రెండుసార్లూ ఒకే బరువు. మీ వేళ్లకు మాత్రం రెండోసారి మరో వస్తువు పట్టుకున్నట్టు ఉంటుంది. ఇరుసు నుంచి దూరం మూడు రెట్లయితే, తిప్పడానికి ఆ ముద్ద చూపే మొండితనం తొమ్మిది రెట్లవుతుంది. పుల్ల విషయంలో మీ వేళ్ల పట్టే ఆ ఇరుసు. మొదలు నుంచి దాదాపు మూడో వంతు దగ్గర పట్టుకుంటాం కాబట్టి, కొస సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతుంది. అక్కడున్న ఒక్క గ్రాము, పట్టుకు దగ్గరగా 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న తొమ్మిది గ్రాములతో సమానం.

డ్రమ్‌సెట్ వాటం అని మీరంటున్నది ఈ కొస తేలికే. డబుల్ స్ట్రోకు వాయించేటప్పుడు గమనించండి. మొదటి దెబ్బ మీరు వేస్తారు, రెండోది పుల్లే ఎగిరి తిరిగొచ్చి వేస్తుంది, మీ వేళ్లు దానికి దారి ఇస్తాయి. కొస బరువుగా ఉంటే పుల్లను మళ్లీ కిందికి తిప్పడానికి వేళ్లు బిగుసుకోవాలి. బిగుసుకున్న వేళ్లు ఎగురును చంపేస్తాయి. అప్పుడు రెండో దెబ్బను మణికట్టుతో తోయాల్సి వస్తుంది, మోచేయి దాకా నొప్పి. లావు పుల్ల పట్టుకున్న పిల్లలు దాన్ని పిండుతూ ఉండటం నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. నొప్పి వస్తోందని మీలో ఒకరు రాశారు కదా, ఆ చేతికి పుల్ల మారేదాకా విశ్రాంతి ఇవ్వండి. ఈ మాట దాటవేయవద్దు.

నా మొదటి ప్రయత్నం అందరికీ తట్టేదే. పొడవు 17 అంగుళాలే ఉంచి, లావు మొత్తం 0.650 అంగుళాలకు తగ్గించాను. పుల్ల 68 గ్రాములకు దిగింది. గదిలో వాయిస్తే హాయిగా ఉంది. మైదానానికి తీసుకెళ్లి, నా స్నేహితుణ్ణి వాయించమని చెప్పి, అవతలి కొసకు నడిచి విన్నాను. దెబ్బలు వినపడ్డాయి, డ్రమ్ము వినపడలేదు. పొడి చప్పుడు మాత్రమే వచ్చింది. పైగా రిమ్‌షాట్‌లో, అంటే డ్రమ్ము ముఖాన్నీ అంచు కమ్మీనీ ఒకేసారి కొట్టే దెబ్బలో, పుల్ల వణుకు చేతికి తెలిసింది. కర్ర బిగువు లావుకు నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి, లావులో తగ్గింది కొంచెమే అయినా బిగువులో పోయింది చాలా ఎక్కువ. కొస దగ్గర మాత్రం బరువు ఇంకా మిగిలే ఉంది, ఎందుకంటే అన్నిచోట్లా సమానంగా చెక్కేశాను.

రెండోసారి ఒళ్లు లావుగానే ఉంచి, ముందువైపు మాత్రమే సన్నం చేద్దామనుకున్నాను. పుల్ల ఒళ్లు సన్నబడటం మొదలయ్యే భుజం నుంచి, కొసనున్న గుండుకు వెనకే ఉండే మెడ దాకా సన్నబడే వాలు మామూలుగా 3 అంగుళాలుంటుంది. నేను దాన్ని 8 అంగుళాలకు లాగాను. ఎంత బాగా ఎగిరిందో చెప్పలేను. చేతిలో పిట్ట ఉన్నట్టు ఉంది. నాలుగో రోజున రిమ్‌షాట్ వేస్తుండగా విరిగి ముందు ముక్క గాలిలోకి పోయింది. విరిగిన చోటు కొలిచాను, గుండు నుంచి సరిగ్గా 7 అంగుళాలు. అప్పుడు అర్థమైంది. స్నేర్ డ్రమ్ము వెడల్పు 14 అంగుళాలు. గుండు నడిమధ్యలో పడిందంటే అంచు కమ్మీ పుల్లకు 7 అంగుళాల దగ్గర తగులుతుంది. నేను ఆ దెబ్బలు తినే చోటునే సన్నం చేసి కూర్చున్నాను.

ఆ ఏడు అంగుళాలే నాకు గీత గీశాయి. మూడో పుల్ల వాలు 5 అంగుళాలు. కమ్మీ తగిలే చోట కర్ర నిండు లావుతో ఉంటుంది, దానికి ముందున్నదంతా నెమ్మదిగా మెడ దాకా దిగుతుంది. 3 అంగుళాల వాలుతో పోలిస్తే తగ్గింది 4 గ్రాములే. కానీ ఆ 4 గ్రాములూ పోయింది మట్టిముద్ద మొండికేసే చోటు నుంచి. లావు 0.690 అంగుళాల దగ్గర ఆపాను, పొడవు 16.5 అంగుళాలకు కుదించాను. పొడవులో అర అంగుళం పోవడం వల్ల గుండు ఇరుసుకు దగ్గరైంది, అది కూడా కలిసొచ్చింది. తూచి చూస్తే 70 గ్రాములు.

మొదటి పుల్ల 68 గ్రాములు, ఇది 70. బరువు చూసి చెప్పమంటే రెండూ ఒకటే అంటారు. కళ్లు మూసుకుని పట్టుకోండి, ఒక్క రోల్ చాలు, ఇదేదో అదేదో తెలిసిపోతుంది. ఇది ఎగురుతుంది, పైగా మైదానం అవతల డ్రమ్ము నిండుగా పలుకుతుంది.

దీనికి ఖరీదు లేదని చెప్పను. పాత పుల్లలాగా ఇది తన బరువుతోనే డ్రమ్ములోకి దిగదు. గట్టి దెబ్బ కావాలంటే చేయి ఇంకొంచెం పైనుంచి, ఇంకొంచెం వేగంగా రావాలి. వేగం పెరిగితే దెబ్బ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, కొస తేలికైన పుల్ల ఆ వేగాన్ని సులువుగా అందుకుంటుంది కాబట్టి పోయినదాంట్లో చాలావరకు తిరిగొస్తుంది. అయినా వారం పది రోజులు అలవాటు పడాలి.

గుండు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. బాదంగింజ ఆకారపు గుండు డ్రమ్‌సెట్‌లో నాకు ప్రాణం. పుల్లను పట్టే కోణం మారిస్తే తాళాల (సింబల్స్) మీద స్వరం మారుతుంది. కవాతులో అదే చిక్కు తెస్తుంది. వరసలో ఎనిమిది మంది నిలబడితే ఎనిమిది మంది మణికట్లూ ఒకే కోణంలో ఉండవు, ఒకే దెబ్బ ఎనిమిది రకాలుగా వినిపిస్తుంది. గుండ్రటి గుండు ఏ కోణంలో పడినా దాదాపు ఒకేలా తగులుతుంది. అందుకే గుండ్రంగా, 5ఏ గుండుకంటే పెద్దగా, కవాతు పుల్లల గుండుకంటే చిన్నగా తిప్పాను. అది కొసన కూర్చున్న బరువు కదా, అక్కడ ప్రతి అర గ్రాముకూ ఉప్పుకాగితంతో బేరమాడాను.

చెక్క హికరీయే. మేపుల్ తేలిక, ఘనపు సెంటీమీటరుకు దాదాపు 0.7 గ్రాములు, హికరీ 0.8. మేపుల్‌తో చేస్తే ఇదే కొలతల పుల్ల 60 గ్రాములు దాటి కాస్త పైకి వస్తుంది. బరువు తగ్గించే దారుల్లో అదీ ఒకటి, కానీ హికరీకి దెబ్బను తనలో ఇముడ్చుకునే గుణం ఎక్కువ, కమ్మీ కొరుకుడును తట్టుకుంటుంది. మీ చేతులు ఎదిగే వయసులో ఉన్నాయి, ఆ అదురు వాటికి చేరకపోవడమే నాకు ముఖ్యం. చెక్క గీతలు మొదలు నుంచి కొస దాకా నిటారుగా సాగాలి. మధ్యలో పక్కకు జారితే ఆ పుల్లను పక్కన పెట్టేయండి, అది అక్కడే చీలుతుంది.

జత కలపడానికి నేను చేసేది ఇది. గాజుపలక మీద పుల్లను దొర్లించి కింద వెలుతురు సందు మెరుస్తుందా అని చూస్తాను, మెరిస్తే వంకర. తర్వాత తూచి, ఒకటి రెండు గ్రాముల లోపు ఉన్నవాటిని విడిగా పెడతాను. చివరికి ఒక్కోదాన్ని వదులుగా పట్టుకుని చెక్కబల్ల మీద తట్టి చెవితో వింటాను. ఒకే స్వరం పలికినవి జంట. తెల్ల టేపు చుట్టే అలవాటు ఉంటే రెండింటికీ సమానంగా చుట్టండి, మెడ వైపు మాత్రం పోవద్దు. టేపు కూడా బరువే, నేను ఒలిచి ఒలిచి తీసింది మీరు మళ్లీ అంటించినట్టవుతుంది.

రెండు జతలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మొదళ్ల మీద పెన్సిలుతో బరువు రాశాను. పొద్దున కవాతులోనూ సాయంత్రం డ్రమ్‌సెట్ మీదా ఇవే వాడి చూడండి, తాళాలను మాత్రం పుల్ల భుజంతో కొట్టవద్దు, ఇంత కండ ఉన్న పుల్ల వాటికి కీడు చేస్తుంది. నెల తర్వాత స్కేలు పెట్టి, కమ్మీ కొరికిన గాట్లు గుండు నుంచి ఎన్ని అంగుళాల దగ్గర మొదలయ్యాయో ఒక్కొక్కరూ విడిగా కొలిచి రాయండి. అవి 5 అంగుళాల లోపలికి వస్తుంటే వాలును ఇంకాస్త కుదించి కొత్త జత తిప్పుతాను.

మీ
తాతయ్య