ఫ్రాంజ్ క్లైన్ నల్ల గీతలు: అపోహలు - వాస్తవాలు

అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం (1940-50లలో అమెరికాలో వచ్చిన, వస్తువుల రూపాలు కాకుండా రంగులు, గీతలతోనే భావం చెప్పే చిత్రకళ) పాఠంలో పొలాక్, రోత్కో అనే పెయింటర్ల దగ్గర పిల్లలు పెద్దగా పేచీ పెట్టరు. అదే బాటలోని అమెరికన్ పెయింటర్ ఫ్రాంజ్ క్లైన్ బొమ్మ తెరమీద పడగానే మాత్రం "ఇందులో ఏముంది సార్, నేనూ గీసేస్తాను" అని ఎవరో ఒకరు అంటారు. తెల్లటి కాన్వాస్, దానిమీద నాలుగైదు లావుపాటి నల్ల గీతలు. అంత తేలిగ్గా కనబడుతుంది కాబట్టే ఆయన మీద ఇన్ని అపోహలు.

అపోహ: ఊపు వచ్చినప్పుడు ఒక్క ఉదుటున గీసిపారేసేవాడు.

వాస్తవం: ఆయన పెద్ద కాన్వాసుల్లో చాలావాటికి ముందు వేసుకున్న చిన్న స్కెచ్‌లు ఉన్నాయి. డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో పాత టెలిఫోన్ డైరెక్టరీ కాగితాల మీదే ఇంకుతో వేసుకునేవాడు. నచ్చినవాటిని దాచుకుని, తర్వాత పెద్దవి చేసేవాడు. 1948-49 ప్రాంతంలో తోటి పెయింటర్ విల్లెం డి కూనింగ్ స్టూడియోలో ఓ ప్రొజెక్టర్‌తో తన కుర్చీ స్కెచ్‌ను గోడమీద చూసుకున్నాడనీ, కుర్చీ మాయమై గీతలే మిగిలాయనీ విల్లెం భార్య, పెయింటర్ ఎలైన్ డి కూనింగ్ రాసింది. ఆ ఒక్క రాత్రితో శైలి పుట్టేసిందంటే నేను నమ్మను కానీ, ప్రొజెక్టర్ ఏం చూపించిందో అర్థమవుతుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. నాలుగంగుళాల కాగితం మీద మణికట్టు తిప్పి గీసిన గీతను ఏడడుగుల కాన్వాస్ మీదకు తేవాలంటే భుజం, నడుము కదలాలి. గీత సగంలో ఉండగానే బ్రష్‌లో రంగు అయిపోతుంది. మళ్లీ ముంచి అక్కడి నుంచే అందుకోవాలి, అయినా ఊపు తగ్గినట్టు కనబడకూడదు. ప్రయత్నించి చూడండి, తెలుస్తుంది.

అపోహ: తెలుపు అంటే వదిలేసిన ఖాళీ.

వాస్తవం: ఇది అన్నిటికంటే పెద్ద పొరపాటు. తెల్ల కాన్వాస్ మీద నల్ల గుర్తు వేస్తానని జనం అనుకుంటారనీ, తాను తెలుపునూ వేస్తాననీ, అదీ అంతే ముఖ్యమనీ ఆయనే చెప్పాడు. 1956 నాటి ఆయన బొమ్మ 'మాహోనింగ్' మంచి ఫొటో దొరికితే పెద్దది చేసి అంచులు చూడండి. కొన్నిచోట్ల తెలుపు నల్లగీత మీదికి వచ్చి దాని పక్కను కోసేసింది. రెండూ తడిగా ఉన్నచోట కలిసి బూడిదరంగు చార పడింది. అంటే గీత మందాన్ని నలుపు ఎంత నిర్ణయించిందో తెలుపూ అంతే నిర్ణయించింది.

ఇళ్లకు వేసే పెయింట్లు కూడా వాడేవాడు. చవక, త్వరగా ఆరతాయి. అందుకే ఒకే బొమ్మలో ఒక నలుపు నిగనిగలాడుతుంది, పక్కది మసిలా ఉంటుంది. పుస్తకంలో అచ్చయితే ఈ తేడా మొత్తం పోతుంది. కొన్ని తెలుపులు కాలంతోపాటు పసుపు తిరిగాయి కూడా.

అపోహ: జపాన్ కాలిగ్రఫీకి (బ్రష్‌తో అక్షరాలు రాసే కళకు) కాపీ.

వాస్తవం: పోలిక ఉంది, పరిచయమూ ఉంది. జపాన్ కాలిగ్రాఫర్ మొరితా షిర్యూ 1951లో మొదలుపెట్టిన 'బొకుబి' అనే కాలిగ్రఫీ పత్రిక తొలి సంచికలోనే క్లైన్ బొమ్మలు వచ్చాయి. కానీ తన పని కాలిగ్రఫీ కాదని ఆయన తర్వాత గట్టిగానే చెప్పాడు. పనితీరు చూసినా అంతే: అక్కడ తెలుపు కాగితానిది, ఇక్కడ పెయింట్‌ది. ఆయన పుట్టింది పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతంలో. 1950లో వేసిన 'చీఫ్' పేరు చిన్నప్పుడు చూసిన రైలింజన్‌ది. అలాగని అందులో ఇంజన్‌ను వెతకకండి, పేర్లు మామూలుగా బొమ్మ పూర్తయ్యాకే పెట్టేవాడు.

అపోహ: రంగులు, మనుషుల బొమ్మలు చేతకాక ఇలా వేశాడు.

వాస్తవం: 1950కి ముందు పోర్ట్రెయిట్లు, వీధి దృశ్యాలు, ఒక బార్‌కి గోడబొమ్మలు వేశాడు. 50ల చివర్లో రంగులు మళ్లీ వచ్చాయి.

అపోహ: 1962లో ఆయన పోవడంతో ఆ శైలీ పోయింది.

వాస్తవం: అదే తీరులో గీసిన పెయింటర్లు చాలామందే వచ్చారు, వాళ్లలో ఎక్కువమంది నాకు ఆనరు. ఆయన్ని బాగా పట్టుకున్నది పెయింటర్లు కానివాళ్లు. ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ 70లలో గోడల మీది రంగు మరకలను ఫొటోలు తీసి, ఆ వరుసను క్లైన్‌కే అంకితమిచ్చాడు. శిల్పి మార్క్ డి సువెరో 1960లో 'హ్యాంక్‌చాంపియన్' చేశాడు. బరువైన కొయ్యదూలాలు, గొలుసులు, నేలమీంచి ఏటవాలుగా లేచి గాల్లోకి పొడుచుకొచ్చిన గీతలు. దాని చుట్టూ నడుస్తుంటే క్లైన్ కాన్వాస్‌లో తెలుపు చేసే పని ఇక్కడ దూలాల మధ్య ఖాళీ చేస్తోందని తెలుస్తుంది.