జామాయిల్ ఆకు తిని బతికే జీవి

ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో జామాయిల్ తోట వేసిన రైతుకు మేకల బెడద ఉండదు. ఆకలి మీదున్న మేక కూడా ఆ ఆకును వాసన చూసి పక్కకు తిరుగుతుంది. ఘాటైన నూనె, పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, పైగా విషం. మన తోటల్లో ఎక్కువగా పెరిగేవి యూకలిప్టస్ టెరెటికార్నిస్, కమల్డ్యులెన్సిస్ అనే రెండు జాతులూ, వాటి సంకరాలూ. రెండింటి పుట్టిల్లూ ఆస్ట్రేలియాయే. అక్కడ అదే టెరెటికార్నిస్ ఆకును ఏరికోరి తినే జంతువు ఉంది. అదే కోవాలా.

బ్రిస్బేన్‌కు ఆగ్నేయంగా, లోగన్ ప్రాంతంలో డెయిసీ హిల్ అనే రక్షిత అడవి ఉంది. క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్ర ప్రభుత్వం నడిపే కోవాలా కేంద్రం ఆ అడవిలోనే ఉంది. టికెట్ లేదు. బ్రిస్బేన్‌లో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళే మనవాళ్ళు చాలామంది కోవాలాను ఎత్తుకుని ఫోటో దిగాలని ముచ్చటపడతారు. ఈ కేంద్రం అందుకు కాదు. అలాంటి ఫోటోలకు పేరుపడ్డ లోన్ పైన్ అభయారణ్యం కూడా 2024లో ఆ పద్ధతి మానేసింది. మంచి పని చేసిందనే అంటాను. ఈ జంతువును ఎత్తుకోవడం కన్నా, అది ఏం చేస్తోందో పది నిమిషాలు కదలకుండా చూడటంలోనే ఎక్కువ ఆనందం ఉంది.

చాలాసేపు ఏమీ చేయదన్నది నిజమే. కొమ్మ పంగలో ఒళ్ళు ముడుచుకుని రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. మెలకువ వచ్చాక చూడాలి. ముంగాలు చాపి రెమ్మను దగ్గరకు లాక్కుంటుంది. ఆ పాదానికి ఉన్న అయిదు వేళ్ళలో రెండు బొటనవేళ్ళలా పనిచేస్తాయి, మూడు వాటికి ఎదురుగా ఉంటాయి. వేళ్ళ కొసల మీద మన వేలిముద్రల్లాంటి గీతలుంటాయి. లాగిన రెమ్మను నోట్లో పెట్టుకోదు. ముందు ఆ పెద్ద నల్లటి ముక్కు ఆకు మీదికి వస్తుంది. వాసన చూస్తుంది, వదిలేస్తుంది. ఇంకోటి లాగుతుంది, మళ్ళీ చూస్తుంది. నచ్చితే అప్పుడు నమలడం మొదలుపెడుతుంది.

ఈ ఎంపిక వెనక పెద్ద లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ జాతులు 700కు పైనే ఉన్నా కోవాలాలు తరచుగా తినేవి కొన్ని మాత్రమే. ఒకే జాతిలో కూడా అన్ని చెట్లూ ఒక్కటి కావు. పక్కపక్కనే ఉన్న రెండు చెట్లలో ఒకదాని ఆకులో విషం ఎక్కువ ఉండవచ్చు, మరోదానిలో తక్కువ. మన కంటికి పచ్చగా ఒకేలా కనిపించే అడవి దాని ముక్కుకు మాత్రం తినదగ్గ చెట్లు, తినకూడని చెట్లుగా విడిపోయి ఉంటుంది. అందుకే 'ఇక్కడ నాలుగు చెట్లు కొట్టినా చుట్టూ ఇంత అడవి ఉందిగా' అనే మాట కోవాలా విషయంలో చెల్లదు. ఆ నాలుగే దాని కూడు కావచ్చు.

తిన్న ఆకు సంగతి మరీ విశేషం. రోజుకు దాదాపు అరకిలో నుంచి కిలో ఆకు తింటుంది. అది సుమారు రెండు మీటర్ల పొడవుండే అంధనాళం అనే పేగు తిత్తిలో చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల నెమ్మదిగా పులుస్తుంది. ఆ సూక్ష్మజీవులు పుట్టుకతో రావు. పుట్టేటప్పుడు కోవాలా పిల్ల రెండు సెంటీమీటర్ల పొడవు, అర గ్రాము బరువు మాత్రమే ఉంటుంది. కళ్ళు తెరవకుండానే పాకుతూ తల్లి పొట్ట మీది సంచిలోకి చేరి, ఆరు నెలలు పాల మీదే పెరుగుతుంది. ఆకు తినే వయసు వచ్చాక తల్లి పేగుల నుంచి వచ్చే జావలాంటి మెత్తటి పదార్థాన్ని నాకి తింటుంది. దాంతో ఆకును అరిగించే సూక్ష్మజీవులు పిల్ల కడుపులో చేరతాయి. మనకు ఏవగింపుగా అనిపించినా, ఆ బిడ్డకు అదే అన్నప్రాశన.

విషం వంతు కాలేయానిది. 2018లో కోవాలా జన్యుక్రమాన్ని పూర్తిగా చదివినప్పుడు, విషాలను విరిచే ఎంజైములను తయారుచేసే సీవైపీ2సీ అనే కుటుంబంలో 31 జన్యువులు బయటపడ్డాయి. మనుషుల్లో అవి నాలుగే. ఇంత చేసినా ఆ ఆకు నుంచి దక్కే శక్తి తక్కువే. దొరికిన కాస్త శక్తినీ పొదుపుగా వాడాలి కాబట్టే అంత నిద్ర. దాన్ని సోమరి అనడం అన్యాయం. ఎండ మండేటప్పుడు కూడా అంతే. పైకొమ్మలు వదిలి దిగువకు వచ్చి లావాటి మాను మీద బోర్లా అతుక్కుంటుంది. మాను, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా ఉంటుంది కనుక ఒంట్లో వేడి చెట్టులోకి పోతుంది, ఒంట్లో నీరు ఖర్చు కాదు. మెల్‌బోర్న్ పరిశోధకులు 2014లో వేడిని గుర్తించే కెమెరాలతో దీన్ని చూపించారు.

ఆకు విషం నుంచి కాపాడే ఆ కాలేయమే జబ్బు చేసినప్పుడు చిక్కు తెస్తుంది. క్లామిడియా అనే బ్యాక్టీరియా సోకిన కోవాలాకు కళ్ళు పుండ్లుపడి చూపు పోతుంది, ఆడవాటికి గర్భం నిలవకుండా పోతుంది. యాంటీబయాటిక్ ఇస్తే కాలేయం దాన్నీ విషమనుకుని త్వరగా విరిచి బయటికి పంపేస్తుంది. మోతాదు పెంచితే ఆ మందు అంధనాళంలోని మేలుచేసే సూక్ష్మజీవులనూ చంపుతుంది, ఇక ఆకు అరగదు. వైద్యం ఫలించినా జంతువు ఆకలితో చావవచ్చు. అందుకే టీకా మీద అంత పట్టుదల. సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం పదేళ్ళకు పైగా శ్రమించి తయారుచేసిన టీకాకు 2025 సెప్టెంబరులో ఆమోదం వచ్చింది.

టీకా ఒక్కటే సరిపోతే బాగుండేది. 1927 ఆగస్టులో క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం వేటకు అనుమతిస్తే ఒక్క నెలలో దాదాపు ఆరు లక్షల కోవాలాలను చర్మాల కోసం చంపారు. ఇప్పుడు తుపాకులు లేవు, కానీ డెయిసీ హిల్ చుట్టూ ఇళ్ళు, రోడ్లు పెరిగిపోయాయి. ఈ అడవి ఉన్న ప్రాంతాన్ని కోవాలా కోస్ట్ అంటారు. 1996 నుంచి 2014 లోపు అక్కడి కోవాలాల సంఖ్య సుమారు 80 శాతం పడిపోయింది. పేరులోనే కోవాలా ఉన్న చోట ఇదీ పరిస్థితి. క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లోని, కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతంలోని కోవాలాలను 2022 ఫిబ్రవరిలో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. ఒక మంచి చెట్టు నుంచి ఇంకో మంచి చెట్టుకు పోవాలంటే కోవాలా నేల దిగి నడవాల్సిందే. కార్లు, పెంపుడు కుక్కలు దాన్ని పట్టేది అక్కడే. జతకట్టే కాలం, అంటే దాదాపు ఆగస్టు నుంచి అక్కడి వేసవి నడిమి (జనవరి) దాకా, ఈ నడక ఎక్కువ, ప్రమాదాలూ ఎక్కువే.

డెయిసీ హిల్‌కు వెళ్తే కేంద్రం చూసి తిరిగిరాకుండా అడవి బాటల్లోకి కూడా నడవండి. తల ఎత్తేముందు నేల చూడండి. చెట్టు మొదట్లో ఆలివ్ కాయంత పెంటికలు కనిపిస్తే ఒకటి విరిచి చూడండి. లోపల పొడి సన్నగా ఉండి జామాయిల్ వాసన వస్తే అది కోవాలాదే అయ్యే అవకాశం ఎక్కువ. నునుపు బెరడు మీద గోళ్ళ గీతలున్నాయేమో చూసి, ఆ తర్వాత కొమ్మల పంగల్లో బూడిదరంగు ఉండ కోసం వెతకండి. తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన దెబ్బతిన్న కోవాలా కనిపిస్తే, అది చనిపోయినట్టు అనిపించినా సరే, వన్యప్రాణుల రక్షకులకు ఫోన్ చేయండి. ఆడదైతే సంచిలో పిల్ల ఇంకా బతికే ఉండవచ్చు.