నాలుగో నంబరు గుడ్డు

పెద్దోడా, చిన్నోడా,

మీ అమ్మమ్మ రాస్తున్న. మేమంతా మంచిగున్నం. తాత మోకాలు నొప్పి ఎప్పటిలెక్కనే.

మొన్న ఫోన్ల చిన్నోడు అడిగిండు గదా, "అమ్మమ్మా, నాలుగో నంబరు పిల్ల ఎందుకు సచ్చిపోయింది?" అని. "తర్వాత చెప్తలే బిడ్డా" అని ఊకున్న. స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాది వింటున్నప్పుడు చెప్పే ముచ్చట కాదది. అందుకే కాయిదం పట్టిన. చిన్నోనికి చదవరాని కాడ పెద్దోడు చదివి వినిపియ్యాలె.

మొదటికెళ్లి చెప్తేనే చివరిది సమజైతది. డిసెంబర్ల మీరొచ్చేనాటికి నల్లపెట్ట గుడ్లు పెట్టుడు బంద్ చేసి గూట్లనే కూసుంది. చెయ్యి పెడితే ఈకలన్నీ లేపి, ఉబ్బి, గుర్రుమని పొడిచింది. దినానికొకసారి లేచి ఇంత పెద్ద ముద్ద రెట్ట వేసింది. ఆ వాసనకు చిన్నోడు ముక్కు మూసుకొని వాకిట్లకురికిండు. కోడి పొదుగుకొచ్చిందనేటందుకు ఇవే గుర్తులు. దాని ఒంట్ల ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతదంట, పెద్దోడా, నీ పుస్తకాలల్ల ఉంటది సూడు. పట్నంల మీరు తినే తెల్లగుడ్లు పెట్టే ఫారం కోళ్లకు ఈ గుణమే లేకుంట చేసిన్రు. పొదుగుకు కూసున్న కోడి గుడ్డు పెట్టది గదా, అమ్ముకునేటోనికి అది నష్టం. రాజేంద్రనగర్‌ల తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు కూడా గుడ్లు పెట్టుడే గాని కూసునుడు తక్కువ. వాటి గుడ్లు లేపాలన్నా నాటుపెట్ట కిందనో మిషన్లనో పెట్టాలె.

పొదుగు వద్దనుకునేటోళ్లు కొందరు కోడి ముక్కుల ఈక గుచ్చుతరు, నీళ్లల్ల ముంచుతరు. మీరు అసుంటి పని చెయ్యొద్దు. కింద గడ్డి లేని జాలీ గూట్ల, గాలి తగిలేటట్టు మూడు నాలుగు రోజులు పెడితే అదే మర్చిపోతది. పొట్ట కిందికి సల్లగాలి తగిలితే సాలు.

గుడ్లు ఏరింది మీరే. గరిసె పక్కన బూడిద గురిగిల పెట్టినవాటిల వారం దాటనివే తీసినం. ఎండకాలమైతే మూడు నాలుగు రోజులవే పనికొస్తయి. మరీ పెద్దవి, మరీ గుండ్రటివి, పగులు ఉన్నవి పక్కన పెట్టినం. రెట్ట అంటిందని పెద్దోడు ఒకటి నల్లా కింద కడగబోతే చెయ్యి పట్టుకున్న, యాదికున్నదా? పెంకుకు కంటికి కనపడని రంధ్రాలు వేలల్ల ఉంటయి. పిల్ల ఊపిరి వాటిల నుంచే. గుడ్డు మీద ఒక సన్నటి పూత ఉంటది, కడిగితే అది పోయి క్రిములు లోపలికి దూరుతయి. పొడిబట్టతో తుడుసుడే.

పదకొండు గుడ్లకు పెన్సిల్‌తోని ఒకటి నుంచి పదకొండు దాక నంబర్లేసిండు చిన్నోడు. నాలుగో దాని మీద నంబరు పక్కన నవ్వే మొఖం గూడ గీసిండు. నేను అనలేదు గాని, ఆ నంబర్లు మస్తు పనికొచ్చినయి. పదో రోజున సూస్తే గంపల ఒక గుడ్డు ఎక్కువున్నది! ఎర్రపెట్ట పోయి దాని పక్కన ఇంకోటి పెట్టి వచ్చింది. నంబర్లు లేకపోతే ఏది పాతదో ఏది కొత్తదో ఎట్ల తెలుస్తది? కొత్తదుంచితే, ముందు గుడ్లు పిల్లలై తల్లి లేచిపోయే యాల్లకు అది సగం మీద ఉంటది, మురిగిపోతది.

పదకొండే ఎందుకని అడిగిన్రు. మా అత్త బేసి లెక్క పెట్టాలనేది. అది శాస్త్రమో కాదో నాకెరుక లేదు. నల్లపెట్ట రెక్కల కిందికి మాత్రం పదకొండే పడతయి, ఎక్కువ పెడితే అంచులయి సల్లబడతయి. గంప అడుగున ఇసుక, దాని మీద బూడిద, వరిగడ్డి, పేన్లు పట్టకుంట ఎండిన వేపాకు. పక్కన ఇనుప మొల, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పెడుతుంటే పెద్దోడు నవ్విండు. ఉరుముకు గుడ్లు చెడిపోకుంట పెడతరు, డిసెంబర్ల ఉరుములెక్కడివని. ఉరుములు లేకపోయినా మా అత్త యాదికొస్తది, పెడత.

డిసెంబర్ 22 రాత్రి చీకట్ల కోడిని ఎత్తి ఆ గంపల కూసోబెట్టినం. పగటిపూట జాగ మారిస్తే పాత గూటికే ఉరుకుతది. తెల్లారి మీరు బస్సెక్కిన్రు.

తర్వాత నా పని తక్కువ. పొద్దుగాల ఒక్కసారి లేచి ఇరవై నిమిషాలు జొన్నలు తిని, నీళ్లు తాగి, బూడిదల పొర్లి, మళ్ల ఉరికొచ్చి కూసునేది. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, గుడ్డుకు కావలసింది 37.5. ఆ లెక్క దానికి ఎవరు చెప్పిన్రు? దినాం మూతితోని గుడ్లను దొర్లిస్తది, అంచులయి నడుమకు, నడుమయి అంచుకు. దొర్లియ్యకపోతే పిల్ల పెంకు లోపలి పొరకు అతుక్కుంటదంట. మనుషులు మిషన్లు పెట్టి చేసే పనంతా ఇది గడ్డి మీద కూసొని చేస్తది.

ఏడో రోజు రాత్రి, అట్టముక్కకు రంధ్రం చేసి సెల్ లైటు కింద పెట్టి ఒక్కొక్క గుడ్డు సూసిన. మంచి గుడ్డుల సాలీడు కాళ్లు సాపినట్టు ఎర్రటి నరాలు కనపడతయి, నడుమ చిన్న సుక్క కదులుతది. రెండు, తొమ్మిది నంబర్లు పసుపుపచ్చగ, ఖాళీగ ఉన్నయి. వట్టి గుడ్లు. అవి పక్కింటోళ్లు ఇచ్చినవి. వాళ్లు దసరకు పుంజును కోసిన్రు, కోళ్లు జాలీ దాటి రావు. పుంజు పోయినంక రెండు మూడు వారాల దాక పెట్ట గుడ్లకు జీవం ఉంటది, ఆ తర్వాత గుడ్లు పెడతది గాని పిల్లలు కావు. తప్పు నాదే, అడిగి తీసుకోవాలె. పద్నాలుగో రోజు సూస్తే ఆరో దాంట్ల నరాలు పోయి ఒక ఎర్రటి వలయం మిగిలింది, లోపల పిల్ల సచ్చిపోయింది. దాన్ని దూరంగ పాతిపెట్టిన. అట్ల ఎనిమిది మిగిలినయి.

పద్దెనిమిదో రోజు నుంచి నేను చెయ్యి పెట్టలేదు. పిల్ల లోపల తిరిగి, తలను మొద్దు వైపు ఉన్న గాలి గదికెళ్లి పెట్టుకుంటది. ఆ గాలి మొదటిసారి పీల్సినంక లోపల్నించే కిచకిచమంటది. తల్లి దానికి సన్నగ కుర్‌కుర్‌మని జవాబిస్తది. జనవరి 11న మీరొచ్చిన రాత్రి చెవి దగ్గర పెట్టి విన్నది గదే.

12న పొద్దుగాల నాలుగో నంబరు మీద మొదటి పగులు. నవ్వే మొఖం మధ్యల, సరిగ్గ. పిల్ల మూతి చివర తెల్లటి మొన ఒకటి ఉంటది, పెంకు పగలగొట్టేటందుకే అది, తర్వాత రాలిపోతది. ఒక రంధ్రం చేసి పిల్ల ఆగింది. మిగతా ఏడింటికీ పగుళ్లొచ్చినయి, ఇది మాత్రం అట్లనే ఉన్నది. మాపటికి సూస్తే సగం పెంకు లేదు. పిల్ల తడిగ, ఒక పక్కకు ఒరిగి ఉన్నది. చిన్నోడా, నీ గోరు కింద నెత్తురు నేను సూసిన. ఎవ్వరికీ చెప్పలేదు, ఇప్పుడూ పెద్దోడు తప్ప ఎవరూ చదవరు.

ఎందుకు సచ్చిపోయిందో విను. పెంకు కింద తెల్లటి పొర ఉంటది. దాని నిండ సన్నటి నెత్తురు నరాలు. ఇరవై రోజులు పిల్ల ఊపిరి తీసింది వాటితోనే. పగులు పెట్టినంక పిల్ల ఆగుడు అలసిపోయి కాదు. ఆ నరాలల్ల నెత్తురు మెల్లగ దాని ఒంట్లకు మళ్లాలె. పొట్ట బయట మిగిలిన పచ్చసొన బొడ్డుల నుంచి లోపలికి పోవాలె. దానికి పన్నెండు గంటలు, ఒకోపారి రోజంత పడతది. అప్పుడు మనం పెంకు ఒలిస్తే పొర సినిగి, ఇంకా ఆరని నరాలల్ల నుంచి నెత్తురు కారుతది. బయటికి కొద్దిగనే కనపడతది, కానీ పిల్ల ఒంట్ల ఉన్నదే కొద్ది నెత్తురు.

నువ్వు సాయం చేద్దామనుకున్నవు. నేను నీ అంతున్నప్పుడు మా నాయన కోడి కింద రెండు ఒలిచిన. మా అవ్వ కొట్టలేదు, పాతిపెట్టమని చేతికి పార ఇచ్చింది. "కోడి తొక్కితే పిల్ల సస్తదా" అంటరు గదా. పెద్ద కోడి పైనబడి తొక్కితే నిజంగనే సస్తది, నేను సూసిన. సామెత మనుషుల కోసం.

మిగిలిన ఏడు మంచిగ లేచినయి. 13న గింజలేస్తనని పెద్దోడు ఆత్రపడితే వద్దన్న, యాదికున్నదా? పొట్టల చేరిన పచ్చసొనతోనే పిల్ల రెండు రోజులు ఉండగలుగుతది. ముందు లేచిన పిల్లలు ఆకలికి ఏడిస్తే తల్లి లేస్తది, లేస్తే ఆఖరి గుడ్లు సల్లబడతయి. ఆ పచ్చసొన ఉన్నందుకే అందరు ఒక్కటిగ బయటికొస్తరు. హేచరీలోళ్లు ఒక్కరోజు పిల్లలను డబ్బాల పెట్టి బస్సుల మీద పంపగలిగేదీ అందుకే.

మీరు పోయినంక 19న లసోటా అనే టీకా సుక్కలేసిన, కంట్ల ఒక్కో సుక్క. కొక్కెర తెగులు రాకుంట. సీసా వంద కోళ్లకు సరిపోయేది వస్తది, నాకున్నవి ఏడు పిల్లలు. అందుకే ముందు రోజే గల్లీల నాలుగిండ్లకు చెప్పి, తాత థర్మాస్‌ల ఐసు ముక్కలేసి పశువుల దవాఖాన నుంచి తెచ్చిండు. కలిపినంక రెండు గంటల్లోపు అయిపోవాలె. వేడి తగిలిన మందు ఏసినా ఏయనట్టే. ఒక ఏడాది చేతిసంచిల, ఎండల, ఐసు లేకుంట తెచ్చుకున్న. ఆ ఏడాది కొక్కెర వచ్చి మెడలు తిప్పుకుంట, పచ్చటి రెట్టలేసి, వాకిట్ల ఇరవై రెండు కోళ్లు నాలుగు రోజులల్ల పోయినయి. ఐసు లేకుంటెనే ఎందుకిచ్చిన్రని ఇచ్చినోళ్లనూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. తర్వాత 28వ రోజు మళ్ల సుక్కలు, ఎనిమిదో వారం రెక్క కింద సూది. అయిపోయినయన్నీ.

మేతకు నూకలు, దంచిన సజ్జలు. నీళ్లు పల్లెంల, పల్లెంల గులకరాళ్లు, లేకపోతే పిల్లలు మునుగుతయి. తాత పాత కుండల పేడ, గోనె ముక్కలు తడిపి చేన్ల బోర్లేస్తడు, రెండు రోజులకు చెదలు పడతయి. వాటిని దులిపితే కోడిపిల్లలు సూడబుద్ధయ్యేటట్టు కొట్లాడుకుంటయి.

ఫిబ్రవరిల ఒకటి గద్ద పాలయింది. నేను వాకిట్లనే బియ్యం చెరుగుతున్న. నల్లపెట్ట ఒక్క అరుపు అరిచింది, అది తిండి పిలుపు కాదు, వేరే. పిల్లలన్నీ వేప సెట్టు మొదట్ల కంపకు ఉరికినయి. బొల్లి మెడది ఒక్కటే రాయి పక్కన కదలకుంట కూసుంది. చేట ఇసిరికొట్టినా అందలేదు. రాత్రి గంప కింద కమ్మి లెక్కేస్తే ఆరు.

ఇప్పుడు మార్చి నడుమకొచ్చింది. పిల్లలు దగ్గరికొస్తే నల్లపెట్ట పొడిచి తరుముతున్నది. మొన్నటి దాక రెక్కల కింద దాసుకున్నదే. పిల్లలు కూడా రెండు రోజులు ఎంటపడి, ఇప్పుడు జాలీ మీద వేరుగ కూసుంటున్నయి. అది మళ్ల గుడ్డు పెట్టింది నిన్న.

ఎండకాలం సెలవులకు వస్తిరంటే పొదగెయ్యుమని అడగకుండ్రి. నల్గొండ ఎండకు గుడ్డు గురిగిలనే ఉడికిపోతది, రోహిణి కార్తె దాటి రెండు వానలు పడాలె. అప్పటి దాక పెట్టిన గుడ్లన్నీ మీకు ఆమ్లెట్లే.

పొదుగు గంప ఎండల పెట్టి, వేడినీళ్లు పోసి కడిగిన. నాలుగో నంబరు పెంకు ముక్క, నవ్వే మొఖంల ఒక కన్ను ఉన్నది, కిటికీల పెట్టిన. కావాలంటే వచ్చినప్పుడు తీసుకో.

మీ అమ్మమ్మ