సీసపు గుండు పిస్టల్‌లో ఎందుకు ఇరుక్కుంటుంది?

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో పోత పోసిన సీసపు గుండు ఇరుక్కుంటే తప్పంతా సీసానిదే అంటారు. ఆ పిస్టల్‌ను ఏ గుండు కోసం తయారు చేశారో చూస్తే, ఆ నిందలో సగం నిలవదు.

ఇత్తడి కేసు, అందులో పేలుడు మందు, దాని మూతికి గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. రివాల్వర్‌లో తూటాను చేత్తోనే దాని గదిలో, అంటే ఛాంబర్‌లో పెడతాం. గుండు ముక్కు మొద్దుగా ఉన్నా ఇబ్బంది లేదు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం, చేస్తుంది. వెనక్కి వెళ్లిన స్లైడ్ స్ప్రింగ్ బలంతో ముందుకొస్తూ, తూటాలు పేర్చిన మ్యాగజైన్‌లో పైనున్నదాన్ని నెడుతుంది. అది ఒక చిన్న వాలు ఎక్కి, రెప్పపాటులో ఛాంబర్‌లో కూర్చోవాలి. గుండ్రటి, గట్టి ముక్కయితే జారిపోతుంది.

సైన్యాలు అప్పటికే అలాంటి గుండ్లకు మారాయి. స్విట్జర్లాండ్‌లో ఎడ్వర్డ్ రూబిన్ 1882లో సీసానికి రాగి తొడుగు వేశాడు. కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్‌లో తయారైన, ఒంట్లో దిగాక విచ్చుకునే గుండ్లపై గొడవ రేగి, 1899 హేగ్ ప్రకటన అలాంటివాటిని నిషేధించింది. అమెరికా అందులో చేరలేదు. అయినా 1911 మార్చి 29న దాని సైన్యం ఎంచుకున్న, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 పిస్టల్ తొడుగు గుండుతోనే నడిచింది. 6,000 తూటాలు కాల్చిన పరీక్షలో అది ఒక్కసారీ మొరాయించలేదు. ఆ గుండు బరువు 230 గ్రెయిన్లు (సుమారు 15 గ్రాములు), ముక్కు గుండ్రం. వాలు, తూటాను పట్టి ఉంచే మ్యాగజైన్ పై అంచులు, స్ప్రింగ్ అన్నీ దానికే కుదిరాయి.

పేచీ తెచ్చింది గురి పోటీలు. సీసం చవక, ఇంట్లోనే పోత పోసుకోవచ్చు. పైగా ముక్కు కింద పదునైన భుజం ఉన్న సెమీ వాడ్‌కట్టర్ గుండు కాగితానికి శుభ్రంగా రంధ్రం చేస్తుంది, పాయింట్ల లెక్కలో టెన్షన్ ఉండదు. కానీ ఆ భుజమే ఛాంబర్ అంచుకు తగులుకునేది. మందు తగ్గించి కాలిస్తే, సైనిక తూటాకు సరిపడే గట్టి స్ప్రింగ్‌ను స్లైడ్ పూర్తిగా వెనక్కి నెట్టలేకపోయేది. గుండ్లు పోత పోసే అచ్చులు చేసే హెన్స్లీ అండ్ గిబ్స్ వారి 68వ నంబరు అచ్చు, పొడవాటి ముక్కున్న 200 గ్రెయిన్ల గుండుతో, చాలావరకు దారి చూపింది. 1961లో తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ తన మోడల్ 52తో ఇంకా ముందుకెళ్లింది. గుండు ఇత్తడి కేసు అంచు దాటి బయటకు రాని .38 స్పెషల్ తూటాల కోసమే ఆ పిస్టల్‌ను మలిచింది. మ్యాగజైన్‌లో పట్టేవి ఐదే. తుపాకీనే గుండుకు తగ్గట్టు మార్చిన ఈ పని నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

సీసం వల్ల వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి, కాదనలేం. .45 తూటాలో తొడుగు గుండు వ్యాసం 0.451 అంగుళం అయితే, సీసపు గుండు మామూలుగా 0.452 ఉంటుంది. కేసులో దించేటప్పుడు మెత్తని లోహం చెక్కుకుపోయి అంచు దగ్గర పేరుకుంటుంది. ఈ తూటా ఛాంబర్‌లో ఆనేది ఆ అంచు మీదే. అక్కడ కాస్త మడ్డి చేరినా స్లైడ్ పూర్తిగా మూసుకోదు. గుండుకు పూసే మైనం కూడా ఛాంబర్‌లో పేరుకుంటుంది. అందుకే పోత పోసేవాళ్లు సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరిచారు. పత్రికల ముద్రణకు అక్షరాలు పోసే లైనోటైప్ యంత్రాల లోహం ఇందుకు బాగా పనికొచ్చేది. ఆ యంత్రాలు మూలనపడ్డాక అది దొరకడమూ తగ్గింది.

ఇప్పుడు మైనం బదులు పాలిమర్ పూత వేస్తున్నారు. దాంతో మడ్డి బాగా తగ్గుతుంది. భుజం మాత్రం అలాగే ఉంది కాబట్టి, అచ్చు ఎంపికలో ముక్కు ఆకారాన్ని ఇప్పటికీ ముందుగా చూడాల్సిందే.