ముడి మీద ముడి: ఇరాన్ అణు ఆంక్షల వెనుక కథ

2025 సెప్టెంబర్ 28న ఇరాన్ మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఇందుకోసం భద్రతా మండలి కొత్తగా తీర్మానమేదీ చేయలేదు. 2006, 2010 మధ్య చేసి, 2016 జనవరిలో పక్కన పెట్టిన ఆరు పాత తీర్మానాలే నిద్ర లేచాయి. అప్పటికి మూడు నెలల ముందే ఇరాన్ అణు కేంద్రాల మీద ఇజ్రాయెల్, అమెరికా బాంబులు పడ్డాయి. ఆంక్షలు పనిచేయకపోతే అప్పుడు యుద్ధం అంటారు మామూలుగా. ఇక్కడ ఆ వరస తిరగబడింది.

ఇప్పుడు ఇంత గొడవకు కారణమైన ఈ అణు కార్యక్రమానికి మొదట చేయి అందించింది అమెరికాయే. 1957లో అప్పటి ఇరాన్ రాజు షా ప్రభుత్వంతో పౌర అణు సహకార ఒప్పందం చేసుకుంది. 1967లో టెహ్రాన్‌లో 5 మెగావాట్ల పరిశోధన రియాక్టర్ మొదలైంది. దాన్నీ, అందులోకి బాగా శుద్ధి చేసిన యురేనియాన్నీ ఇచ్చింది అమెరికాయే. 1970లో ఇరాన్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని ఆమోదించింది. బాంబు జోలికి వెళ్లకూడదు, తనిఖీలకు ఒప్పుకోవాలి, బదులుగా శాంతియుత అవసరాలకు అణుశక్తిని వాడుకునే హక్కు ఉంటుంది. ఆ హక్కులో సొంతగా యురేనియం శుద్ధి చేసుకోవడం కూడా ఉందా లేదా అన్నది అందులో తేల్చి రాయలేదు. రాయని ఆ ఒక్క ముక్క మీదే ఇన్నేళ్ల తగాదా.

ఇంధనం బయట కొనుక్కోవచ్చు కదా, సొంత శుద్ధి ఎందుకు అని పశ్చిమ దేశాలు అడుగుతుంటాయి. దీనికి ఇరాన్ దగ్గర ఒక పాత అనుభవం ఉంది. 1970ల మధ్యలో షా ప్రభుత్వం ఫ్రాన్స్‌లోని యూరోడిఫ్ అనే శుద్ధి కర్మాగారంలో 10 శాతం వాటా తీసుకుంది. దాని కోసం 100 కోట్ల డాలర్లు అప్పు కూడా ఇచ్చింది. 1979 విప్లవం తర్వాత ఫ్రాన్స్ యురేనియం ఇవ్వలేదు. డబ్బు లెక్క తేలడానికి 1991 దాకా పట్టింది. బుషెహర్‌లో జర్మన్లు 1975లో మొదలుపెట్టిన అణు విద్యుత్ కేంద్రం కూడా మధ్యలోనే ఆగింది. తర్వాత ఇరాక్‌తో జరిగిన యుద్ధంలో దాని మీద బాంబులు పడ్డాయి. దాన్ని చివరికి రష్యన్లు పూర్తి చేశారు. ఇరాన్ వాదనంతా నిజాయతీగానే ఉందని నేను అనడం లేదు. కానీ ‘బయటివాళ్లను నమ్మి ఒకసారి మోసపోయాం’ అన్న మాట వట్టి సాకు కాదు.

మొదటి ఆంక్షలకు మాత్రం అణువుతో సంబంధమే లేదు. 1979 నవంబర్‌లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించారు. పది రోజులకే కార్టర్ ప్రభుత్వం అమెరికాలో ఉన్న ఇరాన్ ఆస్తులను స్తంభింపజేసింది. 52 మంది బందీలు 444 రోజుల తర్వాత విడుదలయ్యారు. ఆ మొదటి ముడి మాత్రం పూర్తిగా విడిపోలేదు. ఆ తర్వాత ఉగ్రవాదానికి మద్దతు పేరుతో ఒకటి, 1995లో క్లింటన్ పెట్టిన పూర్తి వాణిజ్య నిషేధం ఒకటి, క్షిపణుల పేరుతో ఇంకొకటి వచ్చిపడ్డాయి. అణు ఆంక్షలు వచ్చేసరికే తాడు నిండా ముడులున్నాయి.

అసలు శుద్ధి అంటే అంత భయం ఎందుకు? తవ్వి తీసిన యురేనియంలో అణు విచ్ఛిత్తికి పనికొచ్చే రకం 0.7 శాతమే. విద్యుత్ కేంద్రానికి దాన్ని 3 నుంచి 5 శాతం దాకా పెంచితే చాలు. బాంబుకు 90 శాతం దాకా కావాలి. చిక్కేమిటంటే రెండింటికీ యంత్రం ఒకటే, సెంట్రిఫ్యూజ్. పైగా పడాల్సిన శ్రమలో సగానికి పైగా మొదటి 4 శాతం చేరేలోపే అయిపోతుంది. 60 శాతానికి చేరిందంటే మిగిలింది చాలా కొద్ది దూరం. అందుకే ఈ చర్చల్లో శాతాల గురించి అంత పేచీ.

పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ రహస్య వ్యాపారం ద్వారా ఇరాన్‌కు సెంట్రిఫ్యూజ్ డిజైన్లు అందాయి. 2002 ఆగస్టులో ప్రవాస ఇరానీ ప్రతిపక్షం ఒకటి నతాంజ్, అరాక్‌లలో చెప్పకుండా కడుతున్న అణు కేంద్రాల గుట్టు బయటపెట్టింది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ చర్చలకు దిగాయి. ఇరాన్ శుద్ధిని కొన్నాళ్లు ఆపింది. 2005లో అహ్మదీనెజాద్ అధ్యక్షుడయ్యే సమయానికి పని మళ్లీ మొదలైంది. 2006 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఈ ఫైలును భద్రతా మండలికి పంపింది. ఆ ఓటింగులో భారత్ కూడా ఇరాన్‌కు వ్యతిరేకంగానే ఓటేసింది.

2006 డిసెంబర్ నాటి 1737వ తీర్మానం అణు, క్షిపణి సామగ్రికే పరిమితం. 2010 జూన్ నాటి 1929వ తీర్మానానికి వచ్చేసరికి ఆయుధాలు, బ్యాంకులు, నౌకలు అన్నీ అందులో చేరాయి. అయినా ఇరాన్ నడుం విరిచింది ఇవి కావు. 2012లో వచ్చిన రెండు దెబ్బలు. మార్చిలో బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్ నుంచి ఇరాన్ బ్యాంకులను తీసేశారు. జులైలో యూరప్ ఇరాన్ చమురు కొనడం మానేసింది. ఇరాన్ కరెన్సీ రియాల్ విలువ కుప్పకూలింది. చమురు అమ్మినా డబ్బు ఇంటికి చేరే దారి లేదు. భారత్ కొంత సొమ్మును యూకో బ్యాంకు ఖాతాలో రూపాయల్లో జమ చేసేది. ఆ రూపాయలతో ఇరాన్ ఇక్కడి సరుకులే కొనుక్కోవాలి. మందులకు కాగితం మీద మినహాయింపు ఉంది. కానీ ఎందుకొచ్చిన గొడవని బ్యాంకులు వాటి చెల్లింపులకూ వెనకాడాయి. రోగులు ఇబ్బంది పడ్డారు.

ఈ ఒత్తిడి వల్లే ఇరాన్ దిగొచ్చిందని అమెరికా అంటుంది. కానీ ఆంక్షలు బిగుసుకుంటున్న ఆ ఏళ్లలోనే సెంట్రిఫ్యూజ్‌ల సంఖ్య దాదాపు 19 వేలకు చేరింది. నిజానికి ఇద్దరూ దిగొచ్చారు. 2015 జులై 14న వియన్నాలో ఇరాన్‌కూ, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, చైనాలకూ మధ్య ఒప్పందం కుదిరింది. శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు, సెంట్రిఫ్యూజ్‌లు ఆరు వేల చిల్లరే ఉండాలి. ఇరాన్ అవన్నీ చేసిందని అణుశక్తి సంస్థ ధ్రువీకరించాక 2016 జనవరి 16న అణు ఆంక్షలు ఎత్తేశారు.

ఎత్తేశారు గానీ బరువు దిగలేదు. అమెరికా తీసింది అణు ముడిని మాత్రమే, మిగతావి అలాగే ఉన్నాయి. ఇరాన్ తదితర దేశాల లావాదేవీల కేసులో 2014లోనే ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబాకు దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా పడింది. దాన్ని చూశాక పెద్ద బ్యాంకులేవీ టెహ్రాన్ వైపు అడుగు వేయలేదు. ఇరాన్ ఎయిర్ 100 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డరిస్తే వచ్చినవి మూడు. విమానం యూరప్‌దే అయినా అందులో అమెరికా విడిభాగాలుంటాయి కాబట్టి అమెరికా లైసెన్సు కావాలి మరి.

2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి తప్పుకున్నారు. ఇరాన్ షరతులు పాటిస్తోందని తనిఖీదారులు చెబుతుండగానే ఆంక్షలన్నీ తిరిగొచ్చాయి. ఇరాన్ చమురు కొనడానికి భారత్ సహా ఎనిమిది దేశాలకు అమెరికా ఇచ్చిన తాత్కాలిక మినహాయింపు 2019 మేలో ముగిసింది, భారత్ ఆ చమురు కొనడం ఆపేసింది. అమెరికాను తప్పించుకుని వ్యాపారం చేయడానికి యూరప్ దేశాలు ఇన్‌స్టెక్స్ అనే ఏర్పాటు చేశాయి. అది పేరుకే మిగిలి 2023లో మూతపడింది. ఇరాన్ ఏడాది ఆగి, ఒక్కో పరిమితినే దాటుకుంటూ పోయింది. 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 జూన్‌లో దాడులు జరిగే నాటికి అలాంటి యురేనియం సుమారు 440 కిలోలు పోగైందని అణుశక్తి సంస్థ అంచనా.

ఇక స్నాప్‌బ్యాక్, అంటే ఎత్తేసిన ఆంక్షలు వాటంతటవే తిరిగొచ్చే ఏర్పాటు. 2015 ఒప్పందానికి ఆమోదముద్ర వేసిన 2231వ తీర్మానంలో ఒక మెలిక ఉంది. ఇరాన్ మాట తప్పిందని ఒప్పందంలోని ఏ దేశమైనా ఫిర్యాదు చేస్తే 30 రోజుల గడువు మొదలవుతుంది. ఆ లోపు ‘ఆంక్షల ఎత్తివేత కొనసాగాలి’ అని మండలి ఓటేయాలి. ఓటేయకపోతే పాతవి వాటంతటవే తిరిగొస్తాయి. కొనసాగించాలన్న ఆ తీర్మానాన్ని ఒక్క శాశ్వత సభ్యదేశం అడ్డుకున్నా అంతే. అంటే వీటో ఇక్కడ ఇరాన్‌ను కాపాడటానికి కాదు, ఇరికించడానికే పనికొస్తుంది. 2020లో అమెరికా దీన్ని వాడబోతే, ఒప్పందం వదిలేసి పోయినవాళ్లకు ఆ హక్కు లేదని మండలిలో దాదాపు అందరూ తోసిపుచ్చారు. 2025 ఆగస్టు 28న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ ఆ పని చేశాయి. ఆరు నెలల గడువు కోసం రష్యా, చైనా పెట్టిన ముసాయిదాకు నాలుగు ఓట్లే వచ్చాయి.

2231వ తీర్మానం అసలు గడువు 2025 అక్టోబర్ 18. ఆ రోజుతో అణు ఫైలు మూతపడిందని ఇరాన్, రష్యా, చైనా అంటున్నాయి. పశ్చిమ దేశాల లెక్కలో మాత్రం సెప్టెంబర్ నుంచి 1737 మొదలు 1929 దాకా అన్నీ అమల్లో ఉన్నట్టే. ఇరాన్ సరుకు ఎక్కించుకున్న నౌక ఒకటే అయినా, ఒక రేవులో అది నిషేధిత సరుకు, ఇంకో రేవులో మామూలు సరుకు.