ఖాళీ కడుపు, కుదురులేని మనసు: అపోహలు – వాస్తవాలు

తరగతిలో కుదురుగా కూర్చోవడం లేదనో, వైద్య పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నా కడుపునొప్పి తగ్గడం లేదనో పిల్లల మానసిక వైద్యులమైన మా దగ్గరికి తీసుకొచ్చే పిల్లల్లో కొందరి విషయంలో, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే ప్రశ్న ‘నిన్న రాత్రి ఏం తిన్నావు?’ అన్నదే.

అపోహ: రేషన్ బియ్యం అందే ఇంట్లో ఆకలి ఉండదు.
వాస్తవం: అన్నంతో కడుపు నిండినా పప్పు, ఆకుకూర, మాంసం లేకపోతే ఇనుము చాలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆరు నెలలు నిండిన అయిదేళ్ల లోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి వేరే కారణాలు ఉన్నా, ఇనుము లోపం ముఖ్యమైనది. ఇనుము తగ్గిన పిల్లవాడు మందకొడిగా, చిరాగ్గా ఉంటాడు. బడిలో దానికి పెట్టే పేరు బద్ధకం.

అపోహ: ఇంటి ఇబ్బందులు పసిపిల్లలకు తెలియవు.
వాస్తవం: తెలుస్తాయి. తమ్ముడికి మిగలాలని ‘నాకు ఆకలిగా లేదు’ అనే పిల్ల, నా ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒకసారి తల్లి ముఖంలోకి చూస్తుంది. కడుపు మాడటం ఒక ఎత్తు. రేపు పొయ్యి వెలుగుతుందో లేదో తెలియకపోవడం, ఆ సంగతి బయటపడకుండా దాచుకోవడం మరో ఎత్తు. పిల్లలకు పెట్టి తాను పస్తుండే తల్లికి ఓపిక తగ్గుతుంది, ఆ విసుగు మళ్లీ పిల్లల మీదే పడుతుంది.

అపోహ: అదంతా పెంపకం లోపం, డబ్బు వచ్చినంత మాత్రాన ప్రవర్తన మారదు.
వాస్తవం: అమెరికాలోని నార్త్ కరోలినాలో 1993 నుంచి 2000 వరకు 1,420 మంది పిల్లలను ఏటా పరిశీలిస్తుండగా, మధ్యలో చెరోకీ అనే ఆదివాసీ తెగవారి ప్రాంతంలో క్యాసినో (జూదశాల) తెరిచి, లాభాల్లో వాటాను ఆ తెగవారందరికీ పంచడం మొదలైంది. ఎవరి ప్రయోజకత్వంతోనూ నిమిత్తం లేకుండా వచ్చిన డబ్బు కాబట్టి, మా రంగంలో ఇది అరుదైన ఆధారం. పేదరికం నుంచి బయటపడిన ఇళ్ల పిల్లల్లో దూకుడు, ఎదురుతిరగడం వంటి లక్షణాలు ఎన్నడూ పేదరికం ఎరుగని పిల్లల స్థాయికి తగ్గాయి. పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక తల్లిదండ్రులకు దొరకడమే ఇందుకు ప్రధాన కారణంగా తేలింది. అయితే దిగులు, ఆందోళనల్లో అంతటి మార్పు రాలేదు. అందువల్ల అన్నం పెడితే చాలు, కౌన్సెలింగ్ అక్కర్లేదన్న వాదన కూడా అపోహే.

అపోహ: మధ్యాహ్న భోజనం హాజరు పెంచడానికే.
వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరవు బారిన పడిన పిల్లల ఎదుగుదలలో లోటును ఈ భోజనం పూడ్చిందని పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించే యంగ్ లైవ్స్ అనే అధ్యయనపు సమాచారం చూపింది. ఆ ఒక్క పూట ఖాయమన్న భరోసా సెలవుల్లో పోతుంది. అందుకే ఏప్రిల్‌లో వచ్చే పిల్లల విషయంలో, బడి మూసేశాక మధ్యాహ్నం ఏం పెడతారో ఇంటివారిని అడిగి రాసుకుంటాను.