హనుమంతుడి జన్మస్థలం: 2021లో ఏం మారింది?

హనుమంతుడు ఎక్కడ పుట్టాడన్న వాదన మళ్ళీ రేగింది. తిరుమల అంజనాద్రి, హంపి దగ్గర ఆనెగొంది కొండ, నాసిక్ దగ్గరి అంజనేరి, గోకర్ణం, ఝార్ఖండ్‌లోని ఆంజన్ గ్రామం... స్వామి మా దగ్గరే పుట్టాడని చెప్పుకునే చోట్లు చాలా ఉన్నాయి. ఎవరి కొండకు వాళ్ళు మొక్కుకుంటూ వచ్చారు.

దాన్ని తగువుగా మార్చింది టీటీడీ ప్రకటనే. 2020 డిసెంబర్‌లో పండితులతో కమిటీ వేసి, 2021 ఏప్రిల్ 21న, శ్రీరామనవమి నాడు, తిరుమలే జన్మస్థలమని చెప్పింది. పౌరాణిక, వాఙ్మయ, శాసన, భౌగోళిక ఆధారాలున్నాయంది. స్థలపురాణంగా ఉన్నంతకాలం ఒక ఊరి కథ ఇంకో ఊరి కథకు అడ్డురాదు. అంత పెద్ద సంస్థ తేల్చేశామన్నాక మిగతాచోట్ల భక్తులు తప్పు కొండ ఎక్కుతున్నట్టే కదా! టెన్షన్ అక్కడ మొదలైంది.

టీటీడీ వాదనకు ముఖ్యమైన అండ, తిరుమల మహిమను చెప్పే వేంకటాచల మాహాత్మ్యం అనే గ్రంథం. అంజనాదేవి ఇక్కడ తపస్సు చేసి కొడుకును కన్నదని, త్రేతాయుగంలో ఈ కొండకు అంజనాద్రి అని పేరని దాని సారాంశం.

ఆనెగొంది ప్రాంతమే రామాయణంలోని కిష్కింధ అంటారు. ఆ కిష్కింధ తరఫున, అక్కడి హనుమద్ జన్మభూమి ట్రస్టుకు చెందిన గోవిందానంద సరస్వతి అభ్యంతరం చెప్పారు. వాళ్ళకు వాల్మీకి రామాయణమే ప్రమాణం. రాముడికి హనుమంతుడు మొదట కనిపించింది పంపా తీరాన, ఋశ్యమూకం దగ్గర. తుంగభద్ర ఒడ్డున పంపా సరోవరం, వాలి గుహ, అంజనాద్రి అనే పేరే ఉన్న ఆనెగొంది కొండ అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. వేంకటాచల మాహాత్మ్యం ప్రామాణికతనే వాళ్ళు ప్రశ్నించారు. ఒక క్షేత్రం గొప్పతనం చెప్పడానికే ఉన్న గ్రంథాన్ని ఆ క్షేత్రానికే సాక్ష్యంగా తెస్తే ఆ ప్రశ్న తప్పదు.

వాల్మీకి మాత్రం ఎవరికీ పూర్తిగా అక్కరకు రాడు. కిష్కింధకాండలో జాంబవంతుడు హనుమంతుడి పుట్టుక చెబుతూ అంజనాదేవి ఒక కొండ మీద విహరించిందంటాడు, ఏ కొండో చెప్పడు. ఉత్తరకాండలో కేసరి ఏలింది సుమేరు పర్వతాన్ని.

2021 మే 27న తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో రెండు పక్షాలూ కూర్చున్నాయి. ఏదీ తేలలేదు. అయినా 2022 ఫిబ్రవరి 16న తిరుమల ఆకాశగంగ దగ్గర జన్మస్థలం అభివృద్ధి పనులకు భూమిపూజ జరిగిపోయింది. మరుసటి నెలే కర్ణాటక బడ్జెట్‌లో ఆనెగొంది అంజనాద్రికి 100 కోట్లు ప్రకటించారు. మే 31న నాసిక్‌లో పెట్టిన చర్చ రసాభాస అయింది.